కమాన్ పట్టీ ఎక్కిస్తే బండి మోసే బరువు పెరగదు!

పికప్, ట్రాలీ ఆటో డ్రైవర్లకు, ఓనర్లకు, కమాన్ మేస్త్రీలకు, ముఠా కూలీలకు, రైతులకు, వ్యాపారులకు విజ్ఞప్తి



మిర్చి కోతలు మొదలయ్యాయంటే కమాన్ షాపుల ముందు పికప్‌లు వరస కడతాయి. అందరూ అడిగేది ఒక్కటే. "మేస్త్రీ, ఇంకో రెండు పట్టీలు ఎక్కించు. లోడు వేస్తే వెనక కూర్చుంటోంది." సాయంత్రానికి పని పూర్తవుతుంది. ఖాళీ బండి వెనక భాగం నాలుగు వేళ్ల ఎత్తు లేచి నిలబడుతుంది. మర్నాడు ఎప్పటి లోడు వేసినా బండి వంగదు. వంగలేదు కదా అని మరో పది బస్తాలు పడతాయి.

ఆ పది బస్తాల గురించే ఈ కరపత్రం.

పట్టీ ఎక్కించినప్పుడు మారింది బండి ఎత్తు, కమాన్ బిగువు మాత్రమే. బ్రేకులు పాతవే, టైర్లు పాతవే. వెనక హౌసింగ్, హబ్బు బేరింగులు, చాసిస్, స్టీరింగ్ కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎంత మోయగలవో ఈరోజూ అంతే మోస్తాయి. బండి పాతదైతే అంతకంటే తక్కువే. నడుముకు పట్టా బిగించుకున్నంత మాత్రాన మనిషి మోకాళ్లకు కొత్త బలం రాదు. బండి సంగతీ అంతే. బండి వెనక కూర్చోవడం ఒక హెచ్చరిక. పట్టీతో ఆ హెచ్చరికను కనపడకుండా చేస్తున్నాం, బరువు మాత్రం తగ్గడం లేదు.

ఇందులో చాలామంది ఓనర్లకు, కొందరు మేస్త్రీలకు కూడా తెలియని సంగతి ఒకటుంది. దయచేసి దీన్ని నిదానంగా చదవండి. చాలా పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న కడ్డీ, దానికి తగిలించిన బ్రేకు వాల్వు ఉంటాయి. చాసిస్‌కూ ఇరుసుకూ మధ్య ఎంత ఎడం ఉందో ఆ కడ్డీ కనిపెడుతుంది. లోడు పడి బండి కిందికి దిగితే ఎడం తగ్గుతుంది, అప్పుడు వాల్వు వెనక చక్రాలకు ఎక్కువ బ్రేకు ఒత్తిడి పంపుతుంది. ఖాళీ బండి పైకి ఉంటే వెనక చక్రాలు జారకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. ఇప్పుడు మనం పట్టీలు ఎక్కించాం. రెండు టన్నులు వేసినా బండి కిందికి దిగదు. వాల్వుకు మాత్రం బండి ఖాళీగా ఉన్నట్టే లెక్క. నిండు లోడుతో వెళ్తున్న బండికి ఖాళీ బండి బ్రేకు అందుతుంది. బండిని ఆపే పని ముందు చక్రాల మీద పడుతుంది. ముందు బ్రేకులు కాగిపోతాయి, బండి ఆగే దూరం పెరుగుతుంది. పట్టీ ఎక్కించి ఈ వాల్వును సరిచేయకుండా వదిలేస్తే బండి బ్రేకును మనమే తగ్గించుకున్నట్టు. మేస్త్రీ గారూ, మీ షాపుకు వచ్చిన ప్రతి బండి కిందా ఆ కడ్డీ ఉందో లేదో చూడండి. విరిగిందనో అడ్డమనో ఎవరైనా దాన్ని తీగతో కట్టేసి ఉంటే ఓనరును పిలిచి చూపించండి.

బ్రేకు మీద పడే భారం లెక్క కూడా చూద్దాం. లోడుతో కలిపి 3 టన్నులు ఉండాల్సిన బండి 4 టన్నులైతే దాన్ని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి మూడో వంతు పెరుగుతుంది. వేగం 40 నుంచి 60 కిలోమీటర్లకు పెంచితే ఆ శక్తి రెండింతలు దాటుతుంది. బరువూ వేగమూ రెండూ పెరిగితే సరిగ్గా మూడింతలు. ఆ శక్తంతా డ్రమ్ముల్లో, డిస్కుల్లో, లైనర్లలో వేడిగా మారుతుంది. బాగా కాగిన లైనరు డ్రమ్మును పట్టుకోదు. ప్రమాదం జరిగాక "బ్రేకు ఫెయిలైంది" అంటాం. చాలాసార్లు ఆ బ్రేకులో లోపం ఉండదు. దాని శక్తికి మించిన పని చెప్పాం, అది చేయలేకపోయింది.

దోర్నాల దాటి శ్రీశైలం ఎక్కేవాళ్లకు, మారేడుమిల్లి నుంచి చింతూరు దిగేవాళ్లకు, పాడేరు ఘాట్‌లో తిరిగేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయొద్దు, ఇంజిన్ అసలే ఆపొద్దు. ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ అందదు. ఒకటి రెండు తొక్కుళ్లకు పెడల్ బిగుసుకుపోతుంది. అప్పుడు బలమంతా పెట్టి తొక్కితే తప్ప బ్రేకు సరిగ్గా పడదు, బండి ఆగే దూరం బాగా పెరుగుతుంది.

టైరు సంగతి చూడండి. పక్క గోడ మీద సైజు పక్కనే 100 అనో 106 అనో ఒక అంకె ఉంటుంది. అది అలంకారానికి వేసింది కాదు. 100 అంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది, 106 అంటే 950, 110 అంటే 1060. అదీ గాలి సరిగ్గా ఉన్నప్పుడు. వెనక రెండు టైర్లు మోసే కిలోలు కలిపి చూసుకోండి. ఖాళీ బండి వెనక బరువు అందులోంచి తీసేయండి. మిగిలిందే టైర్లకు సంబంధించినంతవరకు మీ హద్దు. పట్టీ ఎక్కించారు కదా అని టైరు మీది అంకె మారదు. బరువు ఎక్కువై గాలి తక్కువైన టైరు పక్క గోడ తిరిగిన ప్రతి చుట్టుకీ నలుగుతుంది, లోపల వేడి పుడుతుంది. మన ఎండల్లో, పల్నాడు తారు రోడ్డు మీద, మే నెల మధ్యాహ్నం ఆ వేడికి పోయే దారి ఉండదు. గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. నడిచి కాగిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి వదిలేయడం పెద్ద తప్పు.

ఇక ఎంత వేయొచ్చు? ఇది ఎవరినీ అడగక్కర్లేదు, మీ ఆర్‌సీలోనే ఉంది. ఖాళీ బరువు ఒకటి, లోడుతో కలిపిన మొత్తం బరువు ఒకటి రాసి ఉంటాయి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. మామూలుగా అందరూ అక్కడే ఆగిపోయి, వచ్చిన అంకెంతా సరకే అనుకుంటారు. ఒక ఉదాహరణ వేసుకుందాం. మొత్తం 3000 కిలోలు, ఖాళీ బరువు 1700 అనుకుంటే మిగిలేది 1300. డ్రైవరు, క్లీనరు, సరకు తాలూకు మనిషి కలిపి దాదాపు 200 కిలోలు. బండి కొన్నాక ఎత్తు పెంచడానికి కట్టించిన ఇనుప కటకటాలు, పైన క్యారియరు, టార్పాలిన్, తాళ్లు, జాకీ, మనం ఎక్కించిన పట్టీలు కూడా బరువే. అవన్నీ 150 అనుకుందాం. మిగిలింది 950. యాభై కిలోల బియ్యం బస్తాలైతే 19. డెబ్బై అయిదు కిలోల వడ్ల బస్తాలైతే 12. నలభై అయిదు కిలోల మిర్చి టిక్కీలైతే 21. ఇటుక మూడు కిలోలనుకుంటే మూడు వందల పైచిలుకు. నీళ్లయితే లీటరు ఒక కిలో, కాబట్టి వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టి నింపితేనే హద్దు దాటిపోయింది. పైగా సగం నింపిన ట్యాంకులో నీళ్లు మలుపులో ఒక పక్కకు ఊగి బండిని కూడా లాగుతాయి. ఇసుక ఘనపు మీటరు బరువు టన్నున్నర పైనే. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ.

మీ బండి లెక్క వేరేగా ఉండొచ్చు. బొలెరో పికప్‌లోనే 1.3 టన్నుల రకం ఉంది, 1.7 టన్నుల రకం ఉంది. పక్క బండివాడు ఎన్ని బస్తాలు వేశాడో చూసి మనమూ వేయడం ఏ రకంగానూ లెక్క కాదు.

బస్తాలు ఎన్ని అన్నదానితోపాటు ఎక్కడ వేశామన్నదీ చూసుకోవాలి. వెనక డోరు దించి, దాని మీదకు కూడా సరకు పేర్చి తాడు కట్టడం మనకు అలవాటు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య మూడు మీటర్లున్న బండిలో, వెనక ఇరుసుకు మీటరున్నర అవతల 200 కిలోలు పెట్టామనుకోండి. వెనక ఇరుసు మీద పడేది 200 కాదు, 300 కిలోలు. ముందు చక్రాల మీద నుంచి 100 కిలోలు లేచిపోతాయి. స్టీరింగ్ తేలికైపోవడం మీ చేతికే తెలుస్తుంది. ముందు టైర్లు రోడ్డును గట్టిగా పట్టవు, వాన పడితే అసలే పట్టవు. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు రోడ్డును వదిలేసి ఎదురుగా వచ్చేవాడి కళ్లలో పడుతుంది. అలాంటప్పుడు కొత్త పట్టీ వెనక భాగాన్ని పైకి లేపుతుంది, లైట్లు సరిగ్గా కనిపిస్తాయి. కానీ ముందు చక్రాల మీద నుంచి పోయిన ఆ 100 కిలోలు తిరిగి రావు. అవి రావాలంటే బరువును క్యాబిన్ వైపు జరపాలి. బరువైన సరకు కింద, క్యాబిన్‌కు దగ్గరగా. తేలికైనది పైన, వెనక.

పికప్ వెనక కొక్కేనికి జనరేటరు, కంప్రెసరు, నూర్పిడి మిషను తగిలించుకుని లాగేవాళ్లకూ ఇదే చెబుతున్నాం. కొక్కెం మీద పడే బరువు వెనక ఇరుసుకు అవతలే పడుతుంది. లాగే దాని మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెం మీద ఉండాలి. అంతకంటే తక్కువైతే, అంటే ట్రాలీలో బరువు వెనక్కి పోతే, వేగం పెరిగేకొద్దీ ట్రాలీ పాములా అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. మరీ ఎక్కువైతే పికప్ ముందు భాగం లేస్తుంది. ఊగడం మొదలైతే స్టీరింగ్‌తో దాన్ని సరిదిద్దబోవద్దు. యాక్సిలరేటరు మీది కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం దానంతటదే తగ్గనివ్వాలి.

అమెరికాలో పికప్‌లతో పడవల్ని, టూరింగ్ ట్రాలీల్ని లాగడం మామూలు. అక్కడ కమాన్ పట్టీలకు తోడుగా గాలి బుడ్డలు బిగిస్తారు. రబ్బరు బుడ్డల్లో కంప్రెసరుతో గాలి నింపితే వెనక భాగం లేస్తుంది, గాలి వదిలితే దిగుతుంది. ఇలాంటివి ఇప్పుడు మన దగ్గర కూడా అక్కడక్కడ అడుగుతున్నారు. ఒక రకం జత మీద 5000 పౌండ్లు, అంటే దాదాపు 2270 కిలోలు అని రాసి ఉంటుంది. అది చూసి బండి మరో రెండు టన్నులు మోస్తుందనుకోవద్దు. వాటిని తయారుచేసే ఎయిర్ లిఫ్ట్, ఫైర్‌స్టోన్ వంటి కంపెనీలే తమ పుస్తకాల్లో బండి మొత్తం బరువు హద్దు దాటొద్దని హెచ్చరిస్తాయి. ఆ అంకె బుడ్డ బలం, బండి బలం కాదు. గాలి బుడ్డ అయినా ఇనుప పట్టీ అయినా చేసే పని ఒక్కటే, హద్దులో ఉన్న బరువును సమంగా నిలబెట్టడం.

అసలు పట్టీలే వేయించొద్దా అని అడుగుతారు. పాతబడి, చదునైపోయి, విరిగిన పట్టీని అదే మందం, అదే పొడవు ఉన్న దానితో మార్చుకోవాలి, తప్పకుండా మార్చుకోవాలి. హద్దులోని లోడు వేసినా బండి ఒక పక్కకు వాలుతుంటే కమాన్ కట్ట విప్పి చూడాలి. సెంటర్ బోల్టు, యూ బోల్టులు, బుష్‌లు, షాకిల్ పిన్నులు అన్నీ చూడాలి. కమాన్ కట్ట విప్పి బిగించాక కొంతదూరం నడిపి వచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలి. గాలి బుడ్డలు పెట్టించుకున్నవాళ్లు బండి ఖాళీ అయినా వాటిలో గాలి పూర్తిగా తీసేయొద్దు, తయారీదారు చెప్పిన కనీస గాలి ఎప్పుడూ ఉండాలి, లేకపోతే రబ్బరు మడతపడి చిరుగుతుంది. సైలెన్సరు గొట్టానికి బుడ్డ తగలకూడదు. లోడు దించాక గాలి తగ్గించుకోవాలి. అదనపు పట్టీలతో బిగుసుకున్న బండి ఖాళీగా వెళ్తున్నప్పుడు గుంటల్లో ఎగిరెగిరి పడుతుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు పడదు. ఆ అదురు నేరుగా చాసిస్‌లోకి వెళ్లి కమాన్ బ్రాకెట్ల దగ్గర చీలికలు తెస్తుంది. వెల్డింగ్ పెట్టి అతికించిన చాసిస్‌తో తిరుగుతున్న బండ్లు మన రోడ్ల మీద ఎన్నో ఉన్నాయి. వాటి కింద ఒకసారి పడుకుని చూడమని ఓనర్లను వేడుకుంటున్నాం.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన మాట.

2024 సెప్టెంబరు 10 రాత్రి తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిగింజల బస్తాలతో వెళ్తున్న మినీ లారీ బోల్తా పడింది. బస్తాల మీద కూర్చున్న కూలీలు ఆ బస్తాల కిందే నలిగిపోయారు. ఏడుగురు చనిపోయారు. 2025 జులై 13 రాత్రి అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలం రెడ్డిపల్లి చెరువు కట్ట మీద మామిడి కాయల లారీ తిరగబడింది. కాయలు కోసి, లోడు చేసి, ఆ కాయల మీదే కూర్చుని ఇంటికి వెళ్తున్న తొమ్మిది మంది కూలీలు చనిపోయారు. 2022 మే 8న కామారెడ్డి జిల్లా హసన్‌పల్లి గేటు దగ్గర ట్రాలీ ఆటోలో ఊరికి తిరిగి వెళ్తున్నవాళ్లను లారీ ఢీకొంటే తొమ్మిది మంది పోయారు. ఈ మూడు ప్రమాదాలకూ కమాన్ పట్టీలే కారణమని మేం అనడం లేదు. సరకు కోసం చేసిన బండిలో, సరకు ఉండే చోట మనుషుల్ని కూర్చోబెట్టాం అన్నదే ఇక్కడ మా మాట. బండి ఒరిగితే క్యాబిన్‌లో ఉన్నవాడికి చుట్టూ ఇనుము ఉంది. పైన ఉన్నవాళ్లకు పట్టుకోవడానికి తాడు తప్ప ఏమీ లేదు, ఆ తాడు కట్టింది కూడా బస్తాల కోసమే. పైగా లోడు మీద పది మంది ఎక్కితే బండి ఎత్తున ఆరేడు వందల కిలోలు చేరాయి. బరువు ఎంత ఎత్తుకు చేరితే బండి మలుపులో అంత తొందరగా ఒరుగుతుంది.

అక్కల్లారా, చెల్లెళ్లారా, కోతకు వెళ్లేటప్పుడు కూలి ఎంతో అడిగి మాట్లాడుకున్నట్టే తిరుగు ప్రయాణం ఏ బండిలో అని కూడా అడిగి మాట్లాడుకోండి. బస్తాల మీద ఎక్కమంటే "మేం ఎక్కం" అని చెప్పండి. పది మంది కలిసి చెబితే కూలి మేస్త్రి మీకు వేరే బండి చూపించక తప్పదు. బస్తాలతో పాటు మనుషులూ ఒకే ట్రిప్పులో వెళ్తే మిగిలే డబ్బు మీకు రాదు, అది ఇంకెవరికో మిగులుతుంది.

చట్టం ఏం చెబుతోందో కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. దాని 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా. ఎక్కువైన సరకు దించే ఖర్చు కూడా మనదే. బండి ఆపి తూకం వేయించడానికి ఒప్పుకోకపోతే 40,000. కంపెనీ నుంచి వచ్చిన బండి రూపాన్ని అనుమతి లేకుండా మార్చడానికి 52వ సెక్షన్ ఒప్పుకోదు. 182ఏ సెక్షన్‌లో ఓనరుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, రెండూ గానీ రాసి ఉన్నాయి. జరిమానా కట్టేసి అదే లోడుతో వెళ్లిపోవచ్చనే పాత అలవాటును సుప్రీంకోర్టు 2005లోనే తప్పు పట్టింది. ఎక్కువ సరకు అక్కడే దించాల్సిందేనని చెప్పింది. సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీ 2015లో ఓవర్‌లోడుకూ, సరకు బండిలో మనుషుల్ని ఎక్కించినందుకూ లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. డ్రైవరుకు మూడు నెలలు లైసెన్సు లేకపోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఓనర్లు ఆలోచించాలి.

ఓనర్లకు మరో మాట. సరకు బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించినవాళ్లు చనిపోతే పరిహారం కట్టే బాధ్యత బీమా కంపెనీది కాదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఇరవై ఏళ్లు దాటింది. అప్పుడు పరిహారం మీ మీద పడుతుంది. బండి అమ్మినా తీరదు, పొలం అమ్మాల్సి వస్తుంది. పోయిన ఇంటివాళ్లకు మాత్రం ఆ డబ్బు ఏళ్లు గడిచినా అందకపోవచ్చు.

ఇదంతా డ్రైవర్ల మీద పడి తిట్టడానికి రాయలేదు. డ్రైవరు కోరుకుని ఓవర్‌లోడు వేయడు. కిరాయి బస్తాకు ఇంత అని కట్టినప్పుడు, ఫైనాన్స్ వాయిదా నెల నెలా తలుపు తట్టినప్పుడు, "నువ్వు వేయకపోతే వెనక ఇంకో బండి ఉంది" అని వ్యాపారి అన్నప్పుడు చేతులు కట్టేసినట్టవుతుంది. కానీ లెక్క మొత్తం వేయండి. అదనంగా వేసిన ఆ పది బస్తాల కిరాయి చేతికి వస్తుంది. తొందరగా అరిగిన టైర్లు, మారిన లైనర్లు, విరిగిన పట్టీ, చీలిన చాసిస్, ఎక్కువ తాగిన డీజిల్, దారిలో కట్టిన జరిమానా చేతి నుంచి పోతాయి. వ్యాపారికి ఆ ఖర్చులేవీ ఉండవు. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది మీరే తేల్చుకోండి.

ఒక్క డ్రైవరు లేచి "వేయను" అంటే రేపు అతనికి కిరాయి రాదు. ఊరి స్టాండులో ఉన్న బండ్లన్నీ కలిసి "కాటా వేశాకే బయలుదేరతాం" అంటే వ్యాపారి వెళ్లే చోటు లేదు. ఈ కరపత్రం అందుకే ఇంటింటికీ కాకుండా స్టాండు స్టాండుకూ తెస్తున్నాం. గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో, మదనపల్లె టమాటా మార్కెట్లో, ఖమ్మంలో, విజయవాడ ఆటోనగర్‌లో, మీ ఊరి సెంటరులో ఎక్కడున్నా చదివి పక్కవాడికి ఇవ్వండి. చదవడం రాని డ్రైవరు ఉంటే గట్టిగా చదివి వినిపించండి.

షావుకారు గారూ, కిరాయి బస్తాకు కాకుండా ట్రిప్పుకో, కిలోమీటరుకో కట్టండి. మీ సరకు రెండు ట్రిప్పుల్లో వెళ్తే మీకు పెరిగే ఖర్చు బస్తాకు కొన్ని రూపాయలు. అది ధరలో పడిపోతుంది. రైతన్నా, పంట ఒకేసారి మార్కెట్టుకు చేర్చాలన్న తొందర మాకు తెలుసు. పక్క రైతుతో కలిసి రెండు బండ్లు మాట్లాడుకుంటే ఇద్దరి సరకూ భద్రంగా చేరుతుంది. ముఠా సోదరులారా, మీ చేత్తో ఎత్తిన బస్తాల లెక్క మీకు అందరికంటే బాగా తెలుసు. హద్దు వచ్చిందని డ్రైవరు చెయ్యి ఎత్తితే మీరూ చెయ్యి ఆపండి. మార్కెట్ కమిటీ పెద్దలారా, యార్డు లోపలి కాటా మీద లోడు బండిని బయటికి వెళ్లేముందు ఉచితంగా తూచండి, చీటీ డ్రైవరు చేతికి ఇవ్వండి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారూ, హైవే మీద ఒక్క డ్రైవరునే ఆపి రాసి పంపడంతో సరిపెట్టొద్దు. సరకు ఎక్కించిన గోడౌను కూడా అడగండి.

కమాన్ మేస్త్రీలకు చివరి విన్నపం. అదనపు పట్టీ అడిగిన ఓనరుకు ముందు ఆర్‌సీ చూపించమనండి. బ్రేకు వాల్వు కడ్డీ, లైనర్లు, టైరు అంకె చూపించి, "పట్టీ వేస్తే ఇవేవీ పెరగవు" అని చెప్పండి. అయినా వేయమంటే వేయలేనని చెప్పే ధైర్యం మీకుండాలి. ఆ రోజు పోయిన కూలి డబ్బు కంటే మీ మాట విన్న డ్రైవరు ప్రాణం ఎక్కువ.

ఈ కాగితం వెనక పక్క ఖాళీగా వదిలాం. ఈరోజే ఆర్‌సీ తీసి అక్కడ నాలుగు అంకెలు పెద్దగా రాయండి. ఖాళీ బరువు, మొత్తం బరువు, మనుషులూ సామానూ తీసేశాక సరకుకు మిగిలిన కిలోలు, ఆ కిలోలకు మీరు ఎక్కువగా తోలే సరకు ఎన్ని బస్తాలో. క్యాబిన్‌లో వ్యాపారికీ ముఠాకూ కనిపించేలా అతికించండి. ఈ సీజన్ మొదటి లోడును దగ్గరున్న కాటా మీద తూచి, వచ్చిన చీటీని దాని పక్కనే పెట్టుకోండి.

ఇట్లు
మీ తోటి డ్రైవర్లు, కమాన్ పనివాళ్లు, ముఠా కూలీలు